కళాపోటీ – ప్రదర్శన

1. పరిచయం

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పాత భవనానికి 1887లో శంకుస్థాపన జరిగింది. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవాల జ్ఞాపకంగా, కళా పారిశ్రామిక ప్రదర్శనల కోసం దానిని కట్టించారు. చేతిపనిని నలుగురి ముందు పెట్టడానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉండాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తది కాదని దీనివల్ల తెలుస్తుంది. కళాపోటీకి, ప్రదర్శనకు ఉన్న సంబంధాన్ని, వాటివల్ల కళాకారునికి కలిగే ప్రయోజనాన్ని ఈ భాగంలో తెలుసుకుందాం.

2. రెండు రకాల తీర్పులు

పోటీలో కొద్దిమంది న్యాయనిర్ణేతలు తక్కువ సమయంలో అనేక రచనలను పోల్చి చూస్తారు. ఎంపిక సాధారణంగా రెండు దశల్లో జరుగుతుంది. మొదట ప్రదర్శనకు తగినవాటిని ఏరుతారు. తరువాత వాటిలో కొన్నింటికి బహుమతులిస్తారు. కనుక బహుమతి రాకపోయినా, గోడకెక్కిన చిత్రం ఒక పరీక్షలో నెగ్గినట్లే. ఆపైన ప్రేక్షకుల తీర్పు మొదలవుతుంది. దానికి గడువు లేదు.

3. ఉదాహరణ: దామెర్ల రామారావు

రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించారు. ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి లభించింది. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీ ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్ళాయి. అంటే గుర్తింపు కోసం గోదావరి తీరపు చిత్రం కలకత్తా దాకా ప్రయాణించవలసి వచ్చింది. ఆయన మాత్రం స్వస్థలంలోనే చిత్రకళాశాల నెలకొల్పి ఇతరులకు శిక్షణ ఇచ్చారు. 27 ఏళ్ళకే మరణించగా, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించారు. నేడు రాజమండ్రిలో దామెర్ల పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆయన చిత్రాలు చూడవచ్చు. బహుమతి ఒక్క ఏటిది, ప్రదర్శన తరాలది.

4. రచనను పంపేటప్పుడు

నియమావళిలో విభాగం, కొలతలు, గడువు ముందుగా చదవాలి. దరఖాస్తులో శీర్షిక, మాధ్యమం, కొలతలు, సంవత్సరం స్పష్టంగా రాయాలి. తొలి ఎంపిక ఫోటో ద్వారా జరిగితే పగటి వెలుతురులో, నీడ పడకుండా ఫోటో తీయాలి. పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మకు ఒక్క ఫోటో చాలదు. అన్ని వైపుల నుంచీ తీయాలి. పెడన కలంకారీ వస్త్రానికైతే పూర్తి ఫోటోతో పాటు అచ్చు పనితనం కనిపించేలా దగ్గర ఫోటో కూడా అవసరం. కాగితంపై వేసిన నీటిరంగుల చిత్రాన్ని పటం కట్టించేటప్పుడు అద్దం రంగులను తాకకుండా మధ్యలో మౌంట్ పెట్టించాలి. లేకుంటే డెల్టా తేమకు కాగితం అద్దానికి అంటుకోవచ్చు.

5. ప్రదర్శనలో చూసుకోవడం

ఇంట్లో చేతికందే దూరంలో చూసిన చిత్రం, హాల్లో పది అడుగుల దూరం నుంచి వేరుగా కనిపిస్తుంది. పక్క చిత్రాల మధ్య రంగులు వెలవెలబోవచ్చు, లేదా నిలబడవచ్చు. చూసేవారు ఎక్కడ ఆగుతున్నారు, ఏమి అడుగుతున్నారు అన్నది గమనించడం తరువాతి చిత్రానికి పాఠం. ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. బజారులో బొమ్మ పక్కన ధర మాత్రమే ఉంటుంది. ప్రదర్శనలో చేసినవారి పేరు ఉంటుంది. తరతరాలుగా పేరు లేకుండా పనిచేసిన చేతివృత్తుల వారికి ఆ చిన్న చీటీ బహుమతికంటే తక్కువేమీ కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కళాపోటీలో ఎంపిక ఏయే దశల్లో జరుగుతుంది?
2. దామెర్ల రామారావు ఉదాహరణ ద్వారా బహుమతికి, ప్రదర్శనకు గల తేడాను వివరించండి.
3. మీ ఊరి చేతివృత్తుల రచన ఒకదాన్ని ఎన్నుకొని, ప్రదర్శనలో దాని పక్కన ఉంచవలసిన వివరాల చీటీని తయారు చేయండి.