కలకత్తాలో రెండు దినములు

ఇంటనున్న స్త్రీకి ఆదివారమనగా వారమునకు సరిపడు బట్టలు, పిల్లల పాఠములు, బంధువుల రాకపోకలు. కచేరీ పనిమీద పరస్థలమునకు పోయినప్పుడు ఇవి యేవియు నుండవు. చేతినిండ కాలము, ఎదుట తెలియని పట్టణము. అట్టివేళ తలుపు వేసికొని బసలో కూర్చుండుటయా, వీథిలోనికి అడుగుపెట్టుటయా యను ప్రశ్న పురుషులకు పుట్టనే పుట్టదు. మనకు తప్పక పుట్టును.

నేనొక బ్యాంకులో ఉద్యోగినిని. పోయిన మాఘమాసమున పదిదినముల శిక్షణకై నన్ను కలకత్తాకు పంపిరి. 2001 నుండి ఆ పట్టణమునకు కోల్‌కతా యను పేరే వాడుకలోనికి తెచ్చిరి గాని, మా అత్తగారికిని నాకును అది కలకత్తాయే. శుక్రవారము సాయంకాలమునకు మొదటివారపు పాఠములు ముగిసినవి. సోమవారమువరకు పని లేదు. ఆ రాత్రి అత్తగారు ఫోనులో, “అమ్మాయీ, భాష తెలియని ఊరు. ఒంటరిగా తిరుగకుము. గదిలో హాయిగా విశ్రాంతి తీసికొనుము” అనిరి.

ఆమె మాట నేను తీసివేయదగినది కాదు. ముప్పదియేండ్లకే భర్తను పోగొట్టుకొని, నాలుగెకరముల పొలము తానే సేద్యము చేయించి, ఇద్దరు కొడుకులను చదివించిన యిల్లాలామె. లోకమెట్టిదో నాకంటె ఆమెకే యెక్కువ తెలియును. అయినను, ఇంత దూరము వచ్చి గంగను చూడకుండ పోవుటకు మనసొప్పలేదు. “ప్రొద్దుగ్రుంకులోపల బసకు చేరి ఫోను చేసెదను” అని మాట యిచ్చితిని.

శనివారముదయము ఎస్‌ప్లనేడువద్ద భూగర్భపు రైలెక్కితిని. మనదేశమున మొదటి భూగర్భరైలు 1984లో ఈ పట్టణముననే నడచినది. 2024 మార్చి నుండి అది హుగ్లీనది అడుగున గూడ పోవుచున్నది. నదిని దాటుటకు ఒక నిమిషమైనను పట్టలేదు. తలపైన గంగ ప్రవహించుచుండగా చుట్టునున్న వారందరు తమ ఫోనులలో మునిగియుండిరి. నేను మాత్రము చేతులు జోడించితిని.

తిరుగుదారిలో హౌరా వంతెనపై నడచి వచ్చితిని. 1943లో తెరచిన యీ వంతెనకు నదిలో స్తంభమొక్కటియు లేదు. సుమారు 26,500 టన్నుల ఉక్కును మరమేకులు లేకుండ రివెట్లతోనే కూర్చిరి. వంతెన దిగినచోట, నదీతీరమున మల్లిక్‌ఘాట్ పూలసంత కలదు. బంతిపూలమాలలు త్రాళ్లవలె చుట్టలు చుట్టి, గంపలలో తలలపై మోసికొని పోవుచుండిరి. ఎఱ్ఱమందారములు కాళీపూజకని ప్రత్యేకముగ కట్టలు కట్టి యమ్ముదురు. అక్కడి ముత్తైదువులు తెల్లని శంఖపు గాజును, ఎఱ్ఱని పగడపురంగు గాజును ధరింతురు. మనకు మంగళసూత్రమెట్లో వారికవి యట్లు.

అక్కడనుండి కాలేజి వీథికి పోయితిని. వీథి పొడుగునను చిన్నచిన్న పెట్టెలవంటి దుకాణములు, వానినిండ పుస్తకములు. ఆ వీథిప్రక్క తటాకమువద్ద ఈశ్వరచంద్ర విద్యాసాగరుని విగ్రహమున్నది. ఈయన ప్రయత్నమువలననే 1856లో వితంతువివాహ శాసనమువచ్చెను. ఆ సంవత్సరమే డిసెంబరులో ఆయన ఈ పట్టణమున మొదటి వివాహము దగ్గరుండి జరిపించెను. ఇరువదియైదేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు అట్టి వివాహమే జరిపించిరి. పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని యేల పిలిచిరో ఆ విగ్రహము ఎదుట నిలిచినప్పుడు నాకు బాగుగ తెలిసెను.

మధ్యాహ్నము ఒక చిన్న పూటకూటియింట పూరీలు, బంగాళదుంపల కూర తిని, బెథ్యూన్ పాఠశాలను చూడబోయితిని. సెలవుదినమగుటచే వెలుపలనుండియే చూచితిని. 1849లో బెథ్యూన్ దొరగారు 21 మంది బాలికలతో దీనిని స్థాపించిరి. విద్యాసాగరుడు దీనికి కార్యదర్శి. బాలికలను తీసికొనివచ్చు బండిపై, కూతును గూడ కొడుకువలెనే శ్రద్ధతో చదివింపవలెనను భావముగల శ్లోకము వ్రాయించిరట. ఈ విద్యాలయముననే చదివి కాదంబిని, చంద్రముఖి యను ఇరువురు 1883లో మనదేశమున మొదటి స్త్రీ పట్టభద్రులైరి. కాదంబినీ గంగూలీ వైద్యవిద్య గూడ ముగించి, పైచదువునకై 1893లో చిన్నపిల్లలను ఇంటివద్ద విడిచి సీమకు పోయెను. పదిదినములకే పిల్లలపై బెంగ పెట్టుకొన్న నేను, ఆ గోడ ప్రక్క నిలిచి కొంచెము సిగ్గుపడితిని.

ఇంతలో ప్రొద్దు వాలెను. త్వరపడి, ఎదుటికి వచ్చిన బస్సెక్కితిని. బోర్డుపై వ్రాసినది వంగలిపి. నాకది తెలియదు. దక్షిణమునకు పోవలసిన నేను ఉత్తరమునకు పోయి, ఐదువీథులు కలియుచోట దిగితిని. నడుమ గుఱ్ఱముపై నేతాజీ విగ్రహము. చుట్టును జనసముద్రము. ఫోను తీసి చూతునుగదా, చార్జి అయిపోయి ఆరిపోయియున్నది. చీకటిపడెను. అత్తగారి మాటలు చెవులలో మ్రోగెను. కాళ్లు వణకినవని చెప్పుటకు నేను సంకోచింపను.

కూరల సంచితో పోవుచున్న యొక పెద్దావిడను, “మాషీమా” అని పిలిచితిని. పిన్నిని వంగభాషలో అట్లు పిలుతురని మా శిక్షణలో ఒక వంగసోదరి చెప్పియుండెను. నాకు వచ్చిన హిందీ కొంచెము, ఆమెకు వచ్చిన హిందీ మఱింత కొంచెము. అయినను నా ముఖమే ఆమెకు సర్వము చెప్పెను. తన ఫోను నా చేతికిచ్చి, ముందు ఇంటికి మాటాడుమని సైగచేసెను. తరువాత నా చేయి పట్టుకొని వీథి దాటించి, శ్యామ్‌బజారు భూగర్భరైలు మెట్లవఱకు వచ్చి, ఎస్‌ప్లనేడునకు ఏ ప్రక్క నిలువవలెనో చూపి మరలిపోయెను. నేను పేరైనను అడుగలేదు.

ఫోనులో అత్తగారు మొదట కోపించిరి. “ఏడు గంటలైనది, గుండె ఆగినంత పనియైనది” అనిరి. బసకు చేరిన పిమ్మట మరల పిలిచి తప్పు ఒప్పుకొంటిని. కొంతసేపు ఆమె పలుకలేదు. పిదప, “సరే, రేపెక్కడికి?” అని యడిగిరి. “దక్షిణేశ్వరమునకు” అంటిని. “అట్లయిన గంగ తెచ్చిపెట్టుము. ఫోను నిండ చార్జి పెట్టుకొనుము” అనిరి.

దక్షిణేశ్వరమునకు ఆదివారము తిన్నగా భూగర్భరైలులోనే పోయితిని. గంగయొడ్డున తొమ్మిది శిఖరములతో భవతారిణీదేవి ఆలయము, వరుసగ పండ్రెండు శివాలయములు. 1855 మే 31వ తేదీన దీనిని ప్రతిష్ఠించినది రాణీ రాసమణి. ఆమె రాజవంశమున పుట్టినది కాదు. సామాన్యకుటుంబమున పుట్టి, జమీందారుగారిని పెండ్లాడి, 1836లో విధవయైన పిమ్మట ఆస్తి వ్యవహారములను తానే చక్కబెట్టెను. కంపెనీవారు జాలరులపై పన్నువేయగా, నదిలో కొంతభాగమును పదివేల రూప్యములకు కౌలుకు తీసికొని, అడ్డముగ గొలుసులు కట్టించి ఓడల నాపెననియు, అంతట వారు పన్ను తీసివేసిరనియు అక్కడ అందరు చెప్పుదురు. ఆమె కులమును ఎంచి పూజారులు మొదట వెనుదీసిరి. పిదప పూజకు ఒప్పుకొన్నవారి తమ్ముడే శ్రీరామకృష్ణ పరమహంస.

ఆవరణలో ఎనిమిది పలకల చిన్నగది యొకటి కలదు. శారదాదేవి యేండ్ల తరబడి అందే వసించి, అందే భక్తులకు వండిపెట్టెను. ఆ యిఱుకు గుమ్మము చూచిన యిల్లాలికి ఎవరును వివరింపనక్కరలేదు. పడవలో నది దాటి, 1938లో ప్రతిష్ఠించిన బేలూరు మఠపు ఆలయమును గూడ దర్శించి, ప్రొద్దుండగనే బసకు చేరితిని.

ఇంటికి చేరి గంగాజలపు చెంబును అత్తగారి చేతికిచ్చి, రాసమణి కథ చెప్పితిని. ఆమె చెంబును దేవునిమూల పెట్టి, చాలసేపు ఊరకుండి, “లెక్కలు గూడ ఆమెయే చూచుకొన్నదా?” అని యడిగిరి. “ఆమెయే” అంటిని. “మఱి మరల పంపినచో నన్నును తీసికొనిపొమ్ము” అనిరి. ఇరువదేండ్లలో ఆమె తనకై కోరిన కోరిక నాకు తెలిసినంతవఱకు ఇదియొక్కటే.

సోదరీమణులారా, మీకును ఇట్టి రెండు దినములు దొరకినచో గదిలో గడపవలదు. బస చిరునామా ఆ ఊరి లిపిలో ఒక కాగితముపై వ్రాయించుకొని కొంగున కట్టుకొనుడు. ఆ భాషలో పిన్నిని, అక్కను ఏమందురో ముందుగ నేర్చుకొనుడు. చీకటి పడకముందే మరలుడు. ఈ మూటిలో మొదటిదియు చివరిదియు నేను మఱచితిని. నడిమిది నన్ను ఇల్లు చేర్చెను.