జిరాక్స్ మెషిన్ అద్దె కథ: వస్తువుకి సేవ కలిపితే ఎవరికి లాభం?

ఆధార్ కాపీ కావాలంటే మనం ఏమంటాం? "జిరాక్స్ తీయించుకురా" అంటాం. నిజానికి జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరు. ఆ కంపెనీ ఎదగడానికి మెషిన్ ఒక్కటే కారణం కాదు, దాన్ని కస్టమర్‌కి ఇచ్చిన పద్ధతి కూడా కారణం. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

1959లో అమెరికాలో జిరాక్స్ 914 అనే మెషిన్ వచ్చింది. మామూలు కాగితం మీదే కాపీ తీస్తుంది. బానే ఉంది కానీ, తయారీకే దాదాపు 2,000 డాలర్లు. అప్పటికే ఆఫీసుల్లో ఉన్న కాపీ మెషిన్లు 300 డాలర్లకే దొరికేవి. మరి దీన్ని ఎవరు కొంటారు?

అందుకే అద్దెకిచ్చారు. నెలకు 95 డాలర్లు. అందులోనే 2,000 కాపీలు. ఆపైన కాపీకి 4 సెంట్లు. రిపేరు, సర్వీసు అంతా కంపెనీదే. వద్దనుకుంటే 15 రోజుల ముందు చెప్తే చాలు.

అంతకుముందు రోజుకు 15, 20 కాపీలు తీసే ఆఫీసులు, దీంతో సగటున రోజుకు 2,000 తీశాయి! నెల కోటా ఒక్క రోజులో ఖతం. నెలకు 20 పనిరోజులు వేసుకున్నా, అదనపు కాపీల మీదే 1,520 డాలర్లు.

ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే, మెషిన్ ఆగితే కంపెనీ ఆదాయం కూడా ఆగుతుంది. కాబట్టి దాన్ని నడిపించడం వాళ్లకే అవసరం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. రేటు తక్కువని ఒక వాటర్ ఫిల్టర్ కొన్నాం. తర్వాత ఫిల్టర్ మార్చినా, మెకానిక్ వచ్చినా డబ్బులే. పాడైతే నష్టం మాకు, బిల్లు వాళ్లకు! సర్వీసుతో కలిపి నెల అద్దెకిచ్చే ఫిల్టర్లూ ఉన్నాయని అప్పుడు ఆలోచించలేదు.

అలాగని అద్దె ఎప్పుడూ చవక అనుకోకండి. 95 డాలర్లే కదా అనుకున్న ఆఫీసుల బిల్లు ఎంతకెళ్లిందో చూశారుగా.

అందుకే ఏదైనా తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మూడేళ్లకు మొత్తం ఎంత కట్టాలి? వాడకం పెరిగితే బిల్లు ఎంత పెరుగుతుంది? వస్తువు ఆగిపోతే నష్టం ఎవరికి? మూడో దానికి జవాబు "నాకొక్కడికే" అయితే, ఇంకొకసారి ఆలోచించండి.