ఈ ముహూర్తం బిడ్డ గుండే పెడుతుంది

దోహాలో ఉదయం ఆరు, అమలాపురంలో ఎనిమిదిన్నర. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాను వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఇల్లు. వంటగట్టుకు ఆనించిన ఫోన్లో అమ్మమ్మ ముఖం. ఈ పక్క నాలుగు నెలల మనవడు పాలు తాగుతున్నాడు. రెండు గుక్కలు, ఆయాసం, మళ్ళీ రెండు గుక్కలు. ఏసీ చల్లగా తిరుగుతున్నా వాడి నుదుటి మీద చెమట.

"బుధవారం ఆపరేషన్ అన్నారమ్మా."

అటునుంచి కాసేపు మాట లేదు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే: "ఆ రోజు అమావాస్య కాదుటే? కాస్త ఒళ్ళు చేశాక చేయించకూడదూ? కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయటికి గానీ వెళ్ళావా, గుర్తు తెచ్చుకో."

బిడ్డ గుండెకు ఆపరేషన్ అని తేలిన మన ఇళ్ళలో ఇలాంటి మాటలు మామూలే. పెద్దలు ప్రేమ కొద్దీ అడుగుతారు. కానీ వాటిలో కొన్ని తల్లి మనసును కోస్తాయి, ఇంకొన్ని బిడ్డకు దక్కాల్సిన రోజుల్ని తినేస్తాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

అపోహ: గ్రహణం వల్లో, తల్లి తిన్న తిండి వల్లో, బరువులెత్తడం వల్లో గుండెకు రంధ్రం పడుతుంది.

వాస్తవం: ఖతర్‌లో పిల్లలకు గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి సిద్రా మెడిసిన్. మదీనత్ ఖలీఫా నుంచి కారులో ఎంతో దూరం కాదు. దాని ముంగిట్లో పద్నాలుగు భారీ కంచు శిల్పాలు వరసగా నిలబడి ఉంటాయి. బ్రిటిష్ కళాకారుడు డామియన్ హర్స్ట్ చేసిన ఈ వరస బీజం పడిన క్షణంతో మొదలై, 14 మీటర్ల ఎత్తున నిలిచిన పసిబిడ్డతో ముగుస్తుంది. గుండె తయారయ్యే కథంతా అందులో తొలి శిల్పాల దగ్గరే అయిపోతుంది. బీజం పడిన మూడు వారాలకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులు, వాటి మధ్య గోడలు ఏర్పడతాయి. నెల తప్పిన సంగతి రూఢి చేసుకుని పుట్టింటికి కబురు చేసేసరికే ఆ పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఐదో నెలలో ఎత్తిన బిందెకూ, ఏడో నెలలో వచ్చిన గ్రహణానికీ అక్కడ చోటెక్కడ?

పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువమందిలో ఇదీ కారణమని వేలు పెట్టి చూపలేం. డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు సమస్యలు, తల్లికి అదుపులో లేని షుగరు, తొలి నెలల్లో సోకిన రుబెల్లా, కొన్ని రకాల మందులు ముప్పును పెంచుతాయి. మేనరికం కూడా కొంత పెంచుతుంది. అయితే మేనరికం లేని ఇళ్ళలోనూ ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉన్నారు. ఇవన్నీ తర్వాతి కాన్పుకు ముందు డాక్టరుతో మాట్లాడుకోవాల్సిన సంగతులు. బాలింతను నిలదీయడానికి ఏ ఒక్కటీ పనికిరాదు.

అపోహ: ఐదో నెల స్కాన్‌లో అంతా బాగుందన్నారు, బిడ్డ నీలంగానూ లేడు. అంటే గుండెకు ఏమీ లేనట్టే.

వాస్తవం: కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ తన ఊపిరితిత్తులతో శ్వాసించదు. అందుకే గుండె పై గదుల మధ్య ఒక చిన్న కిటికీ, రెండు పెద్ద రక్తనాళాల మధ్య ఒక అడ్డదారి అందరు పిల్లలకూ తెరిచే ఉంటాయి. అవి మూసుకోవాల్సింది పుట్టిన తర్వాతే. మూసుకోకపోతే జబ్బు అవుతుంది గానీ, స్కాన్ తీసిన రోజున తెరిచి ఉండటమే సహజం. కింది గదుల మధ్య చిన్న రంధ్రాలు కూడా స్కాన్ కంటికి చిక్కకపోవచ్చు.

ఇక రంగు సంగతి. గుండెలో రంధ్రం ఉన్న పిల్లల్లో చాలామంది నీలంగా మారరు. పాలు తాగుతూ అలిసిపోవడం, చెమట, డొక్కలు ఎగరేస్తూ వేగంగా ఊపిరి తీయడం, బరువు పెరగకపోవడం, ఇవీ వాళ్ళలో కనిపించే గుర్తులు. నీలం ఉందేమో చూడాలంటే చామనఛాయ ఒంటి మీద వెతికితే దొరకదు. నాలుక, పెదవుల లోపలివైపు చూడాలి. ఫాలోట్ టెట్రాలజీ అనే లోపమున్న బిడ్డ ఏడ్చి ఏడ్చి నీలంగా మారుతుంటే, "ఏడవనీ, ఊపిరితిత్తులు గట్టిపడతాయి" అని ఊరుకోకూడదు. మోకాళ్ళు ఛాతీకి ఆనేలా మడిచి పట్టుకుని వెంటనే ఖతర్‌లోని అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి.

అపోహ: రంధ్రాలు వాటంతటవే పూడిపోతాయి. పూడకపోతే గుండె కోయడమొక్కటే దారి.

వాస్తవం: ఈ మాటలో రెండు సగాలూ అర్ధసత్యాలే. కింది గదుల మధ్య ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. ఎకో తీస్తూ గమనిస్తే చాలు. పెద్ద రంధ్రాల దారి వేరు. అక్కడ రక్తం ఎక్కువ ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి దూకుతుంటుంది. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు మొద్దుబారి, తర్వాత రంధ్రం మూసినా ప్రయోజనం లేని స్థితి వస్తుంది. పై గదుల మధ్య రంధ్రం సాధారణంగా బడి ఈడు దాకా ఆగనిస్తుంది. అనువైన చోట ఉంటే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, గొడుగులాంటి పరికరంతో మూసేస్తారు, ఛాతీ తెరిచే పని ఉండదు. సిద్రాలో పిల్లల వైద్య విభాగాన్ని నడిపిన జియాద్ హిజాజీ ఈ పద్ధతిలో ప్రపంచమంతా పేరున్న నిపుణుడు.

"రంధ్రం" అన్న ఒక్క మాట పట్టుకుని పక్కింటి బిడ్డతో పోల్చుకోవద్దు. ఏ గోడలో, ఎంత సైజు, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎంత అని అడగండి.

అపోహ: కాస్త బరువు పెరిగాక చేయిస్తే బిడ్డ తట్టుకుంటాడు.

వాస్తవం: పెద్ద రంధ్రమున్న బిడ్డ బరువు పెరగనిదే ఆ రంధ్రం వల్ల. తాగిన పాలలోని బలాన్ని గుండె, ఊపిరి కలిసి ఖర్చు పెట్టేస్తాయి. చిల్లుకుండలో నీళ్ళు నిండాక చిల్లు పూడుద్దాం అన్నట్టుంటుంది ఈ ఆలోచన. ఇలాంటి బిడ్డలకు మందులతో, బలం పెంచిన పాలతో కొన్నాళ్ళు లాగి, తరచుగా తొలి ఏడాదిలోనే ఆపరేషన్ చేస్తారు. బరువు ఆ తర్వాత అదే పుంజుకుంటుంది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారుగా పుట్టిన బిడ్డకైతే తొలి వారాల్లోనే చేయాలి. ఆ నాళాలను వాటి చోట్లకు మార్చే ఆపరేషన్‌ను బ్రెజిల్ సర్జన్ అదీబ్ జతేనె 1975లో మొదటిసారి విజయవంతంగా చేశారు.

చంటిపిల్లల గుండె జోలికి వెళ్ళడం నిన్న మొన్నటి సాహసం కాదు. 1944 నవంబరు 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఏడాది మూడు నెలల 'నీలం పాప'కు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఆపరేషన్ చేశారు. ఆలోచన పిల్లల డాక్టరు హెలెన్ టాసిగ్‌ది. దాన్ని ప్రయోగశాలలో సాధన చేసి చూపినవాడు వివియన్ థామస్. డాక్టరు చదువు చదవని ఆ నల్లజాతి సహాయకుడు ఆ రోజు సర్జన్ వెనక పీట మీద నిలబడి దారి చెప్పాడు.

అపోహ: గల్ఫ్‌లో ఇలాంటివి చేయరు, విమానమెక్కించి ఊరికి తీసుకెళ్ళడమే మేలు.

వాస్తవం: సిద్రా 2018లో పూర్తిస్థాయిలో తెరుచుకుంది. అక్కడా చేస్తారు, మన దగ్గరా బాగా చేస్తారు. ఎక్కడన్నది బిడ్డ స్థితి, ఖర్చు, తోడుండే మనుషులు చూసుకుని తేల్చుకోవాలి. విమానంలో లోపలి గాలి ఒత్తిడి సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. అసలే ఆక్సిజన్ తక్కువున్న బిడ్డకు హైదరాబాదు దాకా నాలుగు గంటలు చిన్న విషయం కాదు. గుండె డాక్టరు రాతపూర్వకంగా సరేనన్నాకే, విమాన సంస్థకు ముందే చెప్పి, కావాలంటే ఆక్సిజన్ ఏర్పాటుతో బయల్దేరాలి.

కాగితాలు ఇవాళే కదపండి. దోహాలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. పాస్‌పోర్టు, రెసిడెన్సీ, హెల్త్ కార్డు ఒకదాని వెంట ఒకటి కావాలి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో పుట్టుకతో వచ్చిన జబ్బులు కవరవుతాయో లేదో రాతలో అడగండి. చాలా పాలసీల్లో పేచీ అక్కడే. చేతికందని ఖర్చయితే రాయబార కార్యాలయం నీడలో పనిచేసే ఇండియన్ కమ్యూనిటీ బెనివలెంట్ ఫోరం తలుపు తట్టొచ్చు. ఊళ్ళో తెల్లకార్డున్న కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పిల్లల గుండె ఆపరేషన్లకు దారి వేసింది. 1991 నుంచి పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి డబ్బు తీసుకోకుండానే చేస్తోంది.

అపోహ: రక్తం కావాలంటే నాన్నదే ఇవ్వాలి, సొంత రక్తమే మంచిది.

వాస్తవం: ఇక్కడ అనుబంధానికీ వైద్యానికీ లెక్క కుదరదు. తల్లిదండ్రులు, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలను బిడ్డ శరీరం పరాయివిగా పోల్చుకోలేకపోవచ్చు. అలా లోపల నిలదొక్కుకున్న కణాలు బిడ్డ మీదే తిరగబడితే ప్రాణాంతకం. అరుదే, కానీ భయంకరం. అందుకే దగ్గరి బంధువుల రక్తం ఎక్కించాల్సి వస్తే ముందు దాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేస్తారు. నాన్న మనసుకు తృప్తి కావాలంటే బ్లడ్ బ్యాంకులో ఇచ్చి రావచ్చు. అది మరో బిడ్డకు చేరుతుంది, మరొకరిది మన బిడ్డకు చేరుతుంది.

అపోహ: ఆపరేషన్ ముందు కడుపునిండా పాలు పట్టాలి. చిన్న జలుబుంటే చెప్పకూడదు, వాయిదా వేస్తారు.

వాస్తవం: రెండూ ప్రమాదమే. మత్తులో ఉండగా కడుపులో పాలుంటే అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాధారణంగా తల్లిపాలు నాలుగు గంటల ముందు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి ఏ సమయం చెబితే అదే శాసనం. ఏడుపు చూడలేక అమ్మమ్మ నాలుగు చుక్కలు పడితే ఆ రోజు ఆపరేషన్ ఆగిపోవచ్చు. జలుబు, దగ్గు, జ్వరం దాచితే ఇంకా ముప్పు. ఊపిరితిత్తుల్లో వైరస్ ఉండగా ఆపరేషన్ జరిగితే వెంటిలేటర్ మీద రోజులు పెరుగుతాయి. అందుకే చివరి రెండు వారాలు బిడ్డను చూడ్డానికి వచ్చే శుక్రవారం చుట్టాలను ఫోన్లోనే పలకరించమనండి. గదిలో సాంబ్రాణి పొగ వద్దు. టీకాలు మానొద్దు, ఏది ఎప్పుడో డాక్టరును అడిగి వేయించండి.

అపోహ: మొలతాడు తీస్తే కీడు. అమావాస్య నాడు కత్తి పెట్టించకూడదు.

వాస్తవం: ఆపరేషన్ గదిలో రక్తం ఆపడానికి విద్యుత్తుతో పనిచేసే పరికరం వాడతారు. ఒంటి మీద వెండి బిళ్ళ, కడియం, మురుగు ఉంటే అక్కడ చర్మం కాలవచ్చు. అంతకుముందు రాసిన నూనె వల్ల ఛాతీ మీద అతికే బిళ్ళలు జారిపోతాయి. అందుకే తీయమంటారు, అంతకుమించి మన ఆచారం మీద చిన్నచూపేమీ కాదు. తీసినవన్నీ చిన్న సంచీలో వేసి అమ్మ దగ్గర ఉంచుకోవచ్చు.

తేదీని నిర్ణయించేవి బిడ్డ స్థితి, ఐసీయూలో ఖాళీ మంచం. తిరుమల తిరుపతి దేవస్థానమే 2021 అక్టోబరు 11న తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని తెరిచింది. మొక్కుకూ మత్తుమందుకూ పేచీ లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పుట్టువెంట్రుకలు కొండ మీద తర్వాత ఇవ్వొచ్చు.

అపోహ: గుండెను బయటికి తీసి కుట్టి మళ్ళీ పెడతారు.

వాస్తవం: గుండె ఉన్నచోటే ఉంటుంది. దాని పనినీ, ఊపిరితిత్తుల పనినీ కాసేపు ఒక యంత్రం చేస్తుంది. జాన్ గిబ్బన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో ఒక యువతి గుండె రంధ్రం మూయడంతో ఈ యంత్రం తొలి విజయం సాధించింది. చల్లని పొటాషియం ద్రావణంతో గుండెను నిద్రపుచ్చి, రంధ్రానికి మాసిక వేసి, తిరిగి రక్తం పంపితే గుండె మళ్ళీ కొట్టుకుంటుంది. ముప్పు సున్నా అని ఎవరూ చెప్పలేరు. మీ బిడ్డకున్న లోపానికి ముప్పు ఎంత, ఒక్క ఆపరేషన్ సరిపోతుందా అని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. మొదటిరోజు ఐసీయూలో ఉబ్బిన ముఖం, గొట్టాలు చూసి తల్లి బెంబేలెత్తకుండా ముందే ఒకసారి ఆ గదిని చూపించమనండి.

అపోహ: ఇక జీవితాంతం రోగిష్టే. ఆడపిల్లయితే మచ్చతో పెళ్ళెలా?

వాస్తవం: మామూలు రంధ్రం మూసిన పిల్లల్లో అత్యధికులు బడికి వెళ్తారు, పరుగెత్తుతారు, రేపు వాళ్ళూ పిల్లల్ని కంటారు. క్లిష్టమైన లోపాలున్నవారికి పెద్దయ్యాకా చెకప్‌లు తప్పవు. అందరికీ పళ్ళ శుభ్రత ముఖ్యం, నోట్లోని క్రిములు గుండెకు చేరగలవు. రొమ్ము ఎముక అతికేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, బిడ్డను చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తాలి. ఇక మచ్చ అంటారా, ఆ గీత చూసి వెనక్కి పోయే సంబంధం పోవడమే ఆ పిల్లకు మేలు.

అన్నిటికీ మూలం ఒకటే. ఇంట్లో "ఎవరి వల్ల" అనే ప్రశ్న తిరుగుతున్నంతసేపు "ఎప్పుడు" అనే ప్రశ్న మూల కూర్చుంటుంది. బిడ్డకు కావాల్సింది రెండోదే.

బుధవారం. దోహాలో ఇంకా చీకటి. ఆపరేషన్ ఏడున్నరకు. అమలాపురంలో అమ్మమ్మ అప్పటికే స్నానం చేసి దీపం పెట్టి ఫోన్ చేసింది. ఈసారి అమావాస్య మాట లేదు, గ్రహణం మాట లేదు.

"చివరిసారి పాలు ఎన్నింటికి పట్టావే?"

"మూడున్నరకమ్మా."

"సరే. ఇంక ఏడ్చినా పట్టకు."