చిన్న కారు కొనునపుడు రైతు వేయవలసిన లెక్క

మన గ్రామములందు మోటారు కారు ఇప్పుడు వింత వస్తువు కాదు. రాత్రివేళ రోగిని ఆసుపత్రికి గొనిపోవుటకును, బిడ్డలను పట్టణపు కళాశాలలో దిగవిడుచుటకును, పెండ్లిండ్లకును ఇంట నొక చిన్న కారుండిన బాగుండునని తలంచు రైతులు నానాటికి హెచ్చుచున్నారు. పంట చేతికి వచ్చిన నెలలలో సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు విత్తనములను గూర్చి యడిగినట్లే "ఏ బండి చవక?" యనియు మమ్ము అడుగుచున్నారు. దీనికి మా ప్రత్యుత్తర మిది: షోరూములో చెప్పు ధరనుబట్టి ఏ బండియు చవక యని గాని ప్రియమని గాని నిర్ణయింపరాదు. ఎడ్లను కొనువాడు పండ్లు చూచి, నడక చూచి, ఏడాది మేత లెక్కించుకొని మఱి బేరమాడును. కారునకును అట్టి పరీక్షయే తగును.

చిన్న కారనగా నేమి?

వెనుకతలుపు అద్దముతో గూడ పైకి లేచునదియు, డిక్కీయు కూర్చుండు చోటును ఒకే కప్పు క్రింద నుండునదియు నగు పొట్టి కారును హ్యాచ్‌బ్యాకు అందురు. పన్నుల లెక్కలో నాలుగు మీటర్లకు మించని పొడవును, పెట్రోలు ఇంజనైనచో 1,200 సి.సి.లకు మించని పరిమాణమును గల కారు చిన్న కారు. ఇట్టి పెట్రోలు కార్లపై పూర్వము 28 శాతము జి.ఎస్.టి.యు, 1 శాతము సెస్సును ఉండెడివి. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి అది 18 శాతమునకు తగ్గింపబడెను. అందువలన కొనుటకు ఉత్సాహము కలుగుట సహజమే. కాని పన్ను తగ్గినంతమాత్రమున పెట్రోలు ఖర్చు తగ్గదు, అప్పు వడ్డీ తగ్గదు.

మన దేశమున సామాన్య కుటుంబమునకు కారును దగ్గఱ చేసినది 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800. ఆ బండి ముప్పది యేండ్లు నడచి 2014లో నిలిపివేయబడెను. 2009లో టాటావారు నానో యను బండిని మిక్కిలి చవకగా అమ్మజూపిరి. అది పదియేండ్లు నిండకమునుపే 2018లో ఆగిపోయెను. కొనువాడు చవకను మాత్రమే కోరడనుటకు ఇది చాలును.

మచ్చునకు ఒక బండి

లెక్క స్పష్టముగా నుండుటకై 2022 ఆగస్టులో మారుతీ సుజుకీ వారు క్రొత్త రూపమున వెలువరించిన ఆల్టో కె10 అను బండిని పరీక్షకు గైకొందము. దీని పొడవు 3,530 మిల్లీమీటర్లు, వెడల్పు 1,490, ఎత్తు 1,520. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను 998 సి.సి.; బలము సుమారు 67 హార్సుపవరు. డిక్కీలో 214 లీటర్ల చోటు గలదు.

దీని గుణములు తెలిసినవే. ఇఱుకు సందులలో తేలికగా తిరుగును. పందిరి క్రిందనైనను ఇముడును. చిన్న పట్టణములలో సైతము దీని పనిముట్లు దొరకును. చేయి తిరిగిన మెకానిక్కులుందురు. తిరిగి అమ్మబోయినను కొనువారు కఱవు కారు. లోపము వెడల్పునందున్నది. వెనుక సీటులో ఇద్దఱు సుఖముగా కూర్చుందురు. మూడవ పెద్ద మనిషి కూర్చున్నచో ముగ్గురికిని ఇబ్బందియే.

ఇంటిలో మోకాళ్ల నొప్పులు గల వృద్ధులుండినయెడల అదే కంపెనీవారి వాగన్ ఆర్ చూడదగినది. అది 1,620 మిల్లీమీటర్ల వెడల్పును, 1,675 మిల్లీమీటర్ల ఎత్తును గలది. వంగక యెక్కి దిగవచ్చును; డిక్కీయు 341 లీటర్లు. టాటావారి టియాగో 1,199 సి.సి. ఇంజనును, 242 లీటర్ల డిక్కీని గలది. ఇది మొదటి దానికంటె బరువైన బండి.

బరువు ననినంతనే యొక హెచ్చరిక. ఆల్టో ఖాళీ తూకము సుమారు 750 కిలోలు. మనుషులతో, సామానుతో కలిపి 1,150 కిలోలు మించరాదు. అనగా మోయదగిన బరువు సుమారు 400 కిలోలు. ఐదుగురు పెద్దవారెక్కిన అందు ముప్పాతిక పైగా నిండిపోవును. ఒక యూరియా బస్తా 45 కిలోలు; డి.ఎ.పి. బస్తా 50 కిలోలు. కావున ఎరువుల దుకాణమునకు పోవుచు కారున్నది గదా యని బస్తాలు వేసికొనుట బండికిని, ప్రాణమునకును చేటు. ఆ పని ట్రాక్టరునకును, ఆటోకును విడువవలెను.

మైలేజి మాట

ఈ బండి లీటరునకు 24.39 కిలోమీటర్లు నడచునని కంపెనీవారి ప్రకటన. ఇది అసత్యము కాదు. కాని ప్రయోగశాలలో, చక్రములను రోలర్లపై నుంచి, ఏ.సి. వేయక, ఒక నిర్ణీత క్రమమున నడిపి తేల్చిన సంఖ్య. పరిశోధన క్షేత్రములో ఎకరమునకు పండిన దిగుబడి మన చేలలో పండదని మనమెఱుగుదుము, ఇదియు అట్టిదే. మన గుంతల దారులు, ఏ.సి., నిండు బండి లెక్కలోనికి దీసికొని 20 కిలోమీటర్లని వేసికొనుట వివేకము.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు కలియుచున్నది. చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, నూకలనుండియు తీయు ద్రవ్యమిది. మన పంటకు బేరము కలుగుట మంచిదే. అయినను ఇథనాలునందు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే యుండును. కావున మైలేజి కొంత తగ్గును. 2023కు పూర్వపు పాత బండి కొనువారు, అది ఇరువది శాతపు మిశ్రమమునకు తగినదగునా కాదా యని కంపెనీ పుస్తకమున చూచుకొనవలెను.

కిలోమీటరునకు ఎంత?

ధరలు తఱచు మాఱుచుండును గావున అనుకొన్న అంకెలతో లెక్క చూపుచున్నాము. సభ్యులు తమ యంకెలు వేసికొందురు గాక.

అన్ని పన్నులతో, భీమాతో బండి 5,50,000 రూపాయలకు వచ్చినదనుకొందము. ఎనిమిదేండ్లు వాడి 1,50,000కు అమ్మినచో తఱుగుదల 4,00,000. అనగా ఏటికి 50,000. ఏటికి 8,000 కిలోమీటర్లు నడచిన 400 లీటర్ల పెట్రోలు. లీటరు 110 చొప్పున 44,000. భీమా, సర్వీసింగు, టైర్లు కలిపి 26,000. మొత్తము 1,20,000. కిలోమీటరునకు 15 రూపాయలు పడినది.

అదే బండి ఏటికి 3,000 కిలోమీటర్లే నడచినదనుకొందము. పెట్రోలు 16,500, తక్కిన ఖర్చులు 23,500, తఱుగుదల మాత్రము ఆ 50,000యే. మొత్తము 90,000. కిలోమీటరునకు 30 రూపాయలు! బండి పందిరి క్రింద నిలిచియున్నను తఱుగుచునే యుండును. ఈ లెక్కన నెలకు రెండు మూడు మాఱులు మాత్రమే అవసరపడువారు అద్దె బండి పిలిపించుకొనుటయే లాభము.

కొందఱు "ఖాళీగా నున్న దినములలో బాడుగకు త్రిప్పెదము" అందురు. తెల్ల నంబరు పలకగల సొంత బండిని బాడుగకు త్రిప్పుట చట్టవిరుద్ధము. అట్టి సమయమున ప్రమాదము జరిగినచో భీమావారు సొమ్ము నిరాకరింపవచ్చును. నష్టపరిహారము యజమాని పొలముమీదికి వచ్చును.

భీమాను గూర్చి మఱియొక మాట. 2018 సెప్టెంబరునుండి క్రొత్త కారునకు మూడేండ్ల థర్డ్ పార్టీ భీమా ఒక్కమాఱే కట్టవలసియున్నది. 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారము 1,000 సి.సి.లోపు కారునకు అది 6,521 రూపాయలు. అంతకుమించి 1,500 వఱకు 10,640 రూపాయలు. సొంత బండి నష్టమునకు చేయు భీమా దీనికి వేఱు. దానిని షోరూమువారు చూపినచోటనే కొనవలెనను నిర్బంధము లేదు. రెండు మూడు చోట్ల విచారింపవలెను.

అప్పు

అసలు అపాయ మిచ్చటనే యున్నది. నాలుగు లక్షలు నూటికి 10 వడ్డీతో ఐదేండ్లకు తెచ్చినచో నెలకు సుమారు 8,500 కిస్తు. వడ్డీయే 1,10,000 వఱకు అగును. "కిస్తు తగ్గించెదము, ఏడేండ్లు పెట్టుకొనుడు" అని చెప్పుదురు. కిస్తు 6,640కి తగ్గును, నిజమే. వడ్డీ 1,57,000 దాటును. ఆ యేడేండ్లలో బండి విలువ మాత్రము కరగిపోవును.

ఇంకొక మెలిక "ఫ్లాటు వడ్డీ". నాలుగు లక్షలకు ఫ్లాటు 7 శాతమన్నచో ఐదేండ్లకు వడ్డీ 1,40,000. తీర్చిన యసలుపై గూడ వడ్డీ కట్టుచుందుము గావున ఇది తగ్గుచున్న యసలుపై 12.5 శాతముతో సమానము. పత్రముపై సంతకమునకు ముందు "తగ్గుచున్న యసలుపై రేటెంత?" అని అడిగి వ్రాయించుకొనవలెను.

నెల జీతగానికి నెల కిస్తు సరిపోవును. రైతునకు ఆదాయము ఏటికి ఒకటి రెండు మాఱులే వచ్చును. వాన తప్పిన యేట అదియు లేదు. కావున ఆఱు నెలల కిస్తు కుదురునేమో బ్యాంకువారిని ముందే అడుగవలెను. పంట ఋణము తెచ్చి కారు కొనుట ఎన్నడును కూడదు. ఆ డబ్బు విత్తనమునకు, ఎరువునకు ఇచ్చినది. కారు పంటను పండింపదు. సగము ధర చేత లేనివాడు ఇంకొక పంట వఱకు ఆగుట మేలని మా యభిప్రాయము.

ప్రాణ రక్షణ

చవకను చూచువారు సాధారణముగా మఱచునది ఇదియే. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థవారు కార్లను 64 కిలోమీటర్ల వేగమున అడ్డునకు ఢీకొట్టించి నక్షత్రములు వేయుదురు. 2023లో ఆల్టో కె10కు పెద్దల రక్షణకు 2 నక్షత్రములు, పిల్లల రక్షణకు సున్న వచ్చినవి. వాగన్ ఆర్‌కు 1, సున్న. 2020లో టియాగోకు 4, 3 వచ్చినవి. అయితే 2022లో పరీక్ష నియమములు కఠినమైనవి గనుక ఈ రెండేండ్ల నక్షత్రములను ఒకే త్రాసున తూచరాదు. నక్షత్రములతోపాటు పరీక్ష జరిగిన యేడును అడుగవలెను.

ఆ పరీక్షలనాడు ఈ బండ్లలో రెండేసి ఎయిర్‌బ్యాగులుండెను. 2025లో ఆల్టో కె10, వాగన్ ఆర్ బండ్ల అన్ని రకములలోను ఆఱు చొప్పున అమర్చిరి. ఇది మేలే. అయినను గాలితిత్తులు హెచ్చినంతమాత్రమున ఇనుపచట్రము గట్టిపడదు. బెల్టు పెట్టుకొనని వానికి ఆ తిత్తులును సరిగా తోడ్పడవు. వెనుక కూర్చున్నవారును బెల్టు పెట్టుకొనవలెను. పసిపిల్లను ముందు సీటున ఒడిలో పెట్టుకొని కూర్చుండరాదు. జాతీయ రహదారిపై తఱచు ప్రయాణము చేయు కుటుంబము రంగును, పాటల పెట్టెను మానుకొనియైనను రక్షణ హెచ్చుగా గల బండినే కోరవలెను.

గ్యాసు బండి, పాత బండి

సి.ఎన్.జి. రకమైన ఆల్టో కిలో గ్యాసునకు 33.85 కిలోమీటర్లు నడచునని ప్రకటన. ఖర్చు తగ్గుమాట నిజము. కాని సిలిండరు డిక్కీని ఆక్రమించును. మూడేండ్లకొకమాఱు దానిని పరీక్ష చేయింపవలెను. గ్యాసు బంకు దగ్గఱ లేనియెడల పోయివచ్చుటకే లాభము చెల్లిపోవును. ముందు బంకెక్కడనో చూచి పిదప బండిని చూడుడు.

పాత బండి కొనువారికి తఱుగుదల తక్కువ పడును. అయితే ఆర్.సి.లో బ్యాంకు తాకట్టు వ్రాసియున్నదేమో చూచి, ఉన్నచో 35వ ఫారముతో దానిని తీయించి, 29, 30 ఫారములపై పేరు మార్పించుకొనవలెను. భీమాను 14 దినములలో మార్పింపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నియో కార్లు నీట మునిగెను. అట్టివి పైకి మెఱుగు పెట్టబడి అంగడికి వచ్చుచుండును. కాలి క్రింది పట్టాను ఎత్తి, సీటు పట్టాలను, డిక్కీ అడుగును తడవి చూడుడు. మెత్తని ఒండ్రుమన్ను గాని, త్రుప్పు గాని, ముక్కవాసన గాని కనబడినచో బేరము మానుడు.

తుది మాట

ఇద్దఱు ముగ్గురు ప్రయాణము చేయు ఇంటికి, ఇఱుకు వీధులకు, దగ్గఱ దూరములకు ఆల్టో వంటి బండి తగినది. వృద్ధులును సామానును గల ఇంటికి ఎత్తైన వాగన్ ఆర్ వంటిది అనుకూలము. పిల్లలతో రహదారిపై తఱచు పోవువారు నక్షత్రములను ముందు చూచి ధరను పిదప చూడవలెను. ఏటికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు మించని వారు ఏ బండియు కొనకుండుటయే మంచి బేరము.

కొన నిశ్చయించినవారు బండిని పట్టణపు నున్నని రోడ్డుపై మాత్రము నడిపి చూచి సంతోషింపరాదు. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, ఏ.సి. వేసి, చెఱువుకట్ట యెక్కించి, గుంతల దారిన తెచ్చి అడుగు తగులునేమో చూడవలెను. ఆ పిమ్మట పై లెక్కను ఒక కాగితముపై వ్రాసికొని, ఇంటి ఆడవారితో గూడ ఆలోచించి, ఒక రాత్రి ఆగి సంతకము చేయవలెను. ధర పత్రమును, అప్పు పత్రమును సంఘ కార్యాలయమునకు తెచ్చిన సభ్యులకు లెక్క సరిచూచి చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.