లెక్క రాదా... భాష రాదా?

కొట్టులో చిల్లర లెక్క నోటితో చెప్పేసే పిల్లవాడు, తెలుగు బడి నుంచి కన్నడ మాధ్యమానికి మారగానే పలక ముందు బిక్కమొహం వేస్తాడు. వాడికి చదువు అబ్బదని అప్పుడే తేల్చేయకండి. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది మూడు నాలుగు విషయాలనే. ‘కళెయిరి’ అంటే తీసివేయమని గుర్తు చేసుకోవడంలోనే ధ్యాస ఖర్చయితే లెక్కకు మిగిలేది కొంచెమే. తోటివాళ్లు నవ్వుతారన్న భయం తోడైతే అదీ మిగలదు. బెదిరిన మనసులోకి కొత్త భాష దిగదని అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లోనే వాదించారు.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. గీత మారినా ఇంటి భాష మారలేదు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 1956లో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతోంది.

పిల్లలకు కన్నడం కావాలి, బాగా రావాలి. ఉపాధ్యాయులు ముందు తెలుగులో జవాబు చెప్పనిచ్చి, తర్వాత కన్నడంలో రాయించవచ్చు. తప్పు పలికినప్పుడు నవ్వకుండా, సరైన మాటను తామే మళ్లీ పలికితే చాలు. అమ్మానాన్నలు ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అనేముందు ‘ఈరోజు ఏ మాట అర్థం కాలేదు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జడవకుండా జవాబిచ్చే పిల్లవాడికి లెక్కా వస్తుంది, భాషా వస్తుంది.