విడిది ఇళ్ళ నడుమ విశ్వభారతి

హౌరాలో ఉదయం బయలుదేరే శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్న భోజన వేళకు బోల్‌పూర్ చేరుతుంది. స్టేషన్ వెలుపల బ్యాటరీ రిక్షాలు బారులు తీరి ఉంటాయి. స్థానికులు వీటిని 'టోటో'లంటారు. వారాంతంలో వీటిని ఎక్కేవారిలో విద్యార్థులకు విహారయాత్రికులు ఏమాత్రం తీసిపోరు. విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి పెరిగిన ఈ పట్టణం నేడు సందర్శకులను కూడా అంతగానే నమ్ముకొని ఉంది.

1863లో దేవేంద్రనాథ్ ఠాకూర్ ధ్యానం నిమిత్తం తీసుకున్న బీడు భూమి ఇది. ఇక్కడే 1901లో రవీంద్రుడు కొద్దిమంది పిల్లలతో చెట్ల నీడన బడి ప్రారంభించారు. అది 1921లో విశ్వభారతిగా, 1951లో కేంద్ర విశ్వవిద్యాలయంగా రూపొందింది. తెలుగువారికీ ఈ నేలతో అనుబంధం ఉంది. కవి రాయప్రోలు సుబ్బారావు, తరువాత ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడ చదివినవారే. 2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ జాబితాకెక్కినది పాడుబడిన కోట కాదు, నేటికీ పాఠాలు సాగుతున్న విద్యాలయం. చిక్కంతా అక్కడే ఉంది.

చూడవలసినవాటిలో ముందు చెప్పవలసినది ఉత్తరాయణ ప్రాంగణం. రవీంద్రుడు ఒక ఇంటిలో ఎక్కువకాలం నిలవలేక ఒకదాని వెంట ఒకటిగా కట్టించుకున్న ఇళ్ళు అక్కడున్నాయి. వాటిలో 'శ్యామలి' పూర్తిగా మట్టితో కట్టినది. కళాభవన్ ఆవరణలో రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, కంకరతో మలచిన సంతాల్ కుటుంబం ఆరుబయటే నిలిచి ఉంది. విశ్వభారతికి సంప్రదాయంగా వారాంతపు సెలవు బుధవారం. ఆ సంగతి తెలియక వచ్చి మూసిన తలుపులు చూసి మరలేవారు ఉంటారు.

బసకు రాష్ట్ర పర్యాటక సంస్థ అతిథిగృహాలు, బోల్‌పూర్ రోడ్డు వెంట లాడ్జీలు ఉన్నాయి. రతన్ టాటా పేరిట వెలసిన రతన్ కుఠీ వంటి విశ్వవిద్యాలయ అతిథిగృహాలు ప్రధానంగా అక్కడి పనిమీద వచ్చేవారికి. కొత్త రిసార్టులన్నీ సోనాఝురి అడవి వైపు, ప్రాంతిక్ స్టేషన్ వైపు విస్తరించాయి. ఎర్రమట్టి వాన కోతకు గురై ఏర్పడిన గండ్లను ఇక్కడ 'ఖోయి' అంటారు. ఆ గండ్ల అందమే ఆకర్షణ, వాటి అంచులనే నిర్మాణాలు ఆక్రమిస్తున్నాయి. ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2005లో తీర్పు వచ్చినా కట్టడాలు ఆగలేదు.

సోనాఝురి సంత మొదట శనివారం సాయంత్రం నాలుగు చేతిపని వస్తువులు అమ్ముకొనే చోటు. ఇప్పుడది దాదాపు ప్రతిరోజూ సాగుతోంది. కాంథా కుట్టుపని చీరలు, డోక్రా లోహపు బొమ్మలు అమ్మే గ్రామీణులకు ఇది జీవనాధారం. ఏకతారతో పాడే బావుల్ గాయకుల సంపాదనా ఇక్కడే. చెట్ల మొదళ్ళ దాకా వాహనాలు వచ్చి నిలుస్తున్నాయన్నది పర్యావరణవాదుల ఫిర్యాదు. ఉభయుల మాటలోనూ నిజముంది. రద్దీ గిట్టనివారు కోపాయి నది దగ్గరి అమార్ కుటీర్‌లో తోలు వస్తువులు కొనవచ్చు, సురూల్ గ్రామంలో టెర్రకోట గుడులు చూడవచ్చు.

డిసెంబరు చివర జరిగే పౌష మేళాకు గదులు చాలాముందే నిండిపోతాయి. 2020లో మేళా మైదానానికి ప్రహరీ కడుతుండగా జనం దానిని పడగొట్టారు. 2019 తరువాత ఆగిన మేళాను 2023లో జిల్లా యంత్రాంగం, 2024లో మళ్ళీ విశ్వవిద్యాలయం నిర్వహించాయి. వసంతోత్సవాన్ని మాత్రం 2019 తరువాతి ఏండ్లలో విశ్వభారతి బయటి జనం లేకుండా తమవారితోనే జరుపుకొంది. హోళీకి గది తీసుకొనేవారు ఈ సంగతి ముందే విచారించుకోవడం మేలు. హోటళ్ళ ప్రకటనల్లో అది కనిపించదు.