గడికో హుక్కు, వరుసకో అట్ట

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ చేతికొస్తుందో లేదో ఏ ఏటికా యేడు తేలాల్సిందే. అదే నేల మీద, చిత్రావతి ఒడ్డున ఉన్న ధర్మవరం మాత్రం పట్టుచీరను నమ్ముకుంది. ఆ చీర అంచులో హంసలు బారులు తీరాలన్నా, కొంగులో లతలు అల్లుకోవాలన్నా మగ్గం నెత్తిన కూర్చున్న జకార్డ్ యంత్రం పనిచేయాలి.

దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని లియాన్. అదీ పట్టు నేసే ఊరే. 1725లో బాసిల్ బూషాన్ అక్కడ చిల్లుల కాగితంతో పడుగు పోగులను ఎంచే ఉపాయం కనిపెట్టాడు. మూడేళ్లకు ఫాల్కన్ అనే మరొకడు కాగితం బదులు అట్టలు వాడాడు. 1804లో జోసెఫ్ మారీ జకార్డ్ ఆ ఉపాయాలన్నీ కలిపి, దారాలు లాగే సహాయకుడి అవసరం లేకుండా నేతగాడు ఒక్కడే నడపగల యంత్రం చేశాడు.

పనితీరు ఇదీ. ప్రతి హుక్కుకూ ఒక సూది ఉంటుంది. అట్ట వచ్చి సూదుల మొనలను తాకుతుంది. చిల్లు ఉన్నచోట సూది అందులోకి దూరిపోతుంది. దాని హుక్కు నిటారుగానే నిలబడి, పైకి లేచే పట్టీకి తగులుకుని పోగును ఎత్తుతుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, హుక్కు పక్కకు తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఆ సందులోంచి జరీ నాడె దూసుకుపోతుంది. ఒక పేకకు ఒక అట్ట. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టులో నేసినప్పుడు 24,000 అట్టలు పట్టాయి. లెక్కల యంత్రం కోసం తపించి, అట్టల పద్ధతిని అప్పటికే తన యంత్రపు ఊహలోకి తీసుకున్న చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మనూ సంపాదించుకున్నాడు.

బొమ్మకూ చిల్లుకూ మధ్య ఉన్నది గ్రాఫ్ కాగితం. నిలువు వరుస ఒక హుక్కు, అడ్డ వరుస ఒక పేక, గడికి రంగు ఉందా లేదా అన్నదాన్ని బట్టే చిల్లు. డిజైన్ గీశాక, వరుస వెంట వరుస చదువుకుంటూ అట్టలు కొట్టి, వాటిని దారంతో మాలగా కుట్టాలి. ఒక్క చిల్లు తప్పితే ఆ తప్పు అంచు పొడవునా బుటా బుటాకూ పునరావృతమవుతుంది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్ మీదికి వచ్చింది. తెర మీద హంసను గీస్తే, గడులూ చిల్లులూ సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. శ్రమ తగ్గింది, సందేహం లేదు. కానీ తెరకు పోగు తెలియదు. అంగుళానికి పడుగు 100, పేక 80 ఉన్న చీర అనుకుందాం. ఆ లెక్క చెప్పకుండా 80 గడుల వెడల్పు, 80 గడుల ఎత్తుతో వృత్తం గీస్తే, బట్ట మీద 0.8 అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు వచ్చి కోడిగుడ్డవుతుంది. గడికొక పోగు చొప్పున ఒకే వరుసలో 40 గడులు తెంపు లేకుండా నిండితే, జరీ ఎక్కడా పడుగుకు చిక్కకుండా 0.4 అంగుళం పైపైనే పోతుంది. తెర మీద అది మెరిసే బంగారు మచ్చ, కట్టుకున్నావిడ గాజుకు తగిలితే లేచిపోయే పోగు. మధ్యమధ్య గడులు వదిలి జరీని కట్టెయ్యాలని అట్టలు కొట్టిన చేతికి తెలుసు.

వెబ్ పేజీలదీ ఇదే కథ. 1990లో టిమ్ బర్నర్స్ లీ రాసిన మొదటి బ్రౌజర్‌లో పేజీ చూడటమే కాదు, దిద్దడమూ వీలయ్యేది. 1997లో మాక్రోమీడియా తెచ్చిన డ్రీమ్‌వీవర్‌లో పేజీ కనబడేటట్టే పేర్చుకోవచ్చు, దాని కోడ్‌నూ చేత్తో సరిచేసుకోవచ్చు. మౌస్‌తో లాగి పెట్టిన పెట్టె పెద్ద తెరపై చక్కగా కుదిరి, ఫోన్‌లో అంచు దాటిపోతే, ఆ వెడల్పు ఏ వరుసలో ఉందో కోడ్ చదవగలిగినవాడే పట్టుకుంటాడు.

అందుకని సాఫ్ట్‌వేర్ మానెయ్యాలని కాదు. వందల అట్టల కొంగును చేత్తో కొట్టమనడం మొండితనం. నేర్చుకునేవాళ్లు ముందుగా ఒక్క చిన్న బుటాను గ్రాఫ్ మీద గీసి, అట్టలు తామే కొట్టి, నేసి చూస్తే చాలు. వెబ్ నేర్చేవాళ్లు ఒక్క పేజీని ఖాళీ ఫైల్‌లో రాసి చూస్తే చాలు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా పనిచేసినా, అది చేసిన తప్పు వాళ్ల కంట పడుతుంది.